కార్డు మీద వయసు

షార్జా
7 జూలై 2023

అక్కా,

ముందే చెప్తున్నా, కంగారుపడకు. ఉద్యోగం పోలేదు. ఎవడినీ కొట్టలేదు. నా ఉత్తరం చూడగానే నీకు వచ్చే అనుమానాలు ఆ రెండే కదా.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఆదివారం సాయంత్రం నువ్వు మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు నీ ఫోను నీ చేతిలో పెట్టి పక్కనే కూర్చుంటుంది. నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, భాష రాకపోయినా ఆవిడ అంతా వింటుంది. కాయితం మీదైతే ఇద్దరం కాస్త మనుషుల్లా ఉంటాం. త్రిమూర్తులు బాబాయ్ ఖోర్ ఫక్కాన్ నుంచి షార్జాకి చేపల బండి తోలినన్నాళ్ళూ మనకి పోస్టాఫీసు ఉన్నట్టే. నీచు వాసన భరించు.

సంగతేంటంటే, నేను ఆడుతున్నాను. క్లబ్బులో. గడ్డి కోయడానికీ, గీతలు గీయడానికీ, వాళ్ళ బట్టలు ఉతకడానికీ పెట్టుకున్న నన్ను ఒకరోజు ప్రాక్టీసులో ఒకడు తక్కువైతే కోచ్ ఈల వేసి పిలిచాడు. ఆయన పోర్చుగల్ మనిషి. నా పేరు తెలీదు. "యూ! గ్రాస్!" అన్నాడు. ఇప్పటికీ అదే పేరు. ఎడం పక్కన కాయమన్నాడు. ఎవడివో బూట్లు, రెండు సైజులు పెద్దవి. అయినా జీతం పుచ్చుకుని గోల్స్ కొట్టే ఆ బ్రెజిల్ వాణ్ణి ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. మర్నాడు మళ్ళీ పిలిచాడు. అప్పటి నుంచీ రోజూ పిలుస్తున్నాడు. నిన్న, డ్రాఫ్టులో నీ పేరు అడుగుతాను అన్నాడు.

డ్రాఫ్టంటే ఏంటో చెప్తా. మన పేటలో జట్లు కోరుకునేటప్పుడు ఇద్దరు నాయకులు నిలబడి "వీడు నాకు, వాడు నీకు" అని ఏరుకుంటారు చూడు, అదే. ఇక్కడ నాయకుల బదులు క్లబ్బులు. ఈ దేశంలో ఉంటున్న పరాయి దేశాల కుర్రాళ్ళ పేర్లన్నీ ఒకచోట వేస్తారు. వంతులవారీగా ఒక్కో క్లబ్బు ఒక్కొక్కడిని పిలుచుకుంటుంది. పిలిచారంటే వీసా మారుతుంది. ఇంక నేను గడ్డి కోసేవాణ్ణి కాదు, ఆటగాణ్ణి.

పిలిచేదెవరు అంటావా? అదే తెలీడం లేదు. కోచ్ నేనే అంటాడు. ముదీర్ ఉన్నాడే, ఆటల వ్యవహారమంతా చూసే పెద్ద మేనేజరు, ఆయన "నా సంతకం లేకుండా కోచ్ ఎవడు?" అంటాడు. డబ్బు చూసే ఈజిప్టు ఆయన తను ఊ అనకపోతే సంతకాలెందుకు అంటాడు. క్లబ్బు మాలిక్, అదే ఓనరు, ఆయన తమ్ముడు ఏమీ అనడు. ఆయన ఫోన్ కోసం ముగ్గురూ చూస్తారు. నాకు మండుతోంది. నా కాలు వీళ్ళందరికీ కనిపిస్తోంది, నా బతుకు ఎవడి చేతిలో ఉందో నాకు కనిపించదు.

నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు.

రాజు


ఖోర్ ఫక్కాన్
11 జూలై

ఒరే రాజూ,

ఎవరికీ చెప్పకు అని ఆఖర్ని రాస్తే ఎలారా? అది చదివే లోపే వంటింట్లో గరిట పట్టుకుని గంతులేశాను. మామా పిల్లలు చూసి నవ్వి వాళ్ళూ గంతులేశారు. "శాంతి తమ్ముడు ఫుట్‌బాల్ ప్లేయర్" అని ఇంటి నిండా చాటారు. వాళ్ళ నోరు నేను ఎలా ముయ్యను?

అమలాపురం హాస్టల్లో పి.టి. మాస్టారు నాతో ఏమన్నారో గుర్తొచ్చింది. "అమ్మాయ్, వీడికి చదువు రాదు గానీ ఎడంకాలికి బుర్ర ఉంది" అన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయ్, ఇప్పుడు నవ్వొస్తోంది.

ఒకటి అడుగుతాను, చిరాకు పడకు. నీ వయసెంతని చెప్పావు? మనకి ఇంట్లో ఒక వయసు, ఇక్కడి గుర్తింపు కార్డు మీద ఇంకో వయసు కదా. నాకు ముప్పై ఒకటి, నా కార్డుకి నలభై. పనిమనిషిగా దేశం దాటాలంటే ముప్పై నిండాలన్నారని ఇరవై రెండేళ్ళ దాన్ని ఒక్క పూటలో పెద్దదాన్నయిపోయాను. "ఈ వయసులో నీకు మోకాళ్ళు నొప్పులు లేవా శాంతీ?" అని మామా అడుగుతుంది. లేవంటే బాగుండదని మెట్లెక్కేటప్పుడు అప్పుడప్పుడు మోకాలు పట్టుకుంటున్నాను.

నువ్వు పదిహేడేళ్ళకి వచ్చావు. కార్డు మీద ఇరవై మూడు రాయించాం. ఇప్పుడు ఎంతైందో నువ్వే లెక్కేసుకో. ఆ ఆఫీసులో ఏం చెప్పావో రాయి.

మామా భర్త బాబాకి మీ క్లబ్బులో ఎవరో తెలుసట. ఓ మాట చెప్పించనా?

ముదీర్‌తో గొడవ పెట్టుకోకు. నీ నోరు నాకు తెలుసు.

నీ అక్క శాంతిప్రియ


షార్జా
16 జూలై

అక్కా,

వద్దు. వద్దంటే వద్దు. ఎవరి చేతా ఏ మాటా చెప్పించకు. నన్ను పిలిస్తే నా కాలు చూసి పిలవాలి. మీ బాబా ఇంట్లో నువ్వు అంట్లు తోముతున్నావని జాలిపడి కాదు. అలా వచ్చే చొక్కా నాకొద్దు.

వయసు సంగతి. కోచ్ అడిగాడు. ఇరవై ఒకటి అన్నాను. ఎందుకంటే నాకు ఇరవై ఒకటే. కార్డు గేటు దగ్గర చూపించడానికి, ఆసుపత్రిలో చూపించడానికి. బంతికి కార్డు చూపిస్తామా?

నిన్న మీటింగు జరిగింది. టీ ఇచ్చే కుర్రాడు సెలవులో ఉన్నాడని ఆ పనీ నాకే తగిలించారు. గదిలోకి నాలుగైదుసార్లు వెళ్ళాను, కావాలనే ఒక్కో కప్పు పట్టుకెళ్ళాను. అక్కా, ఆ గదిలో జరిగింది చూస్తే నీకు నవ్వొస్తుంది, నాకు మాత్రం గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

కోచ్ నా పేరు చెప్పాడు. అంటే "గ్రాస్" అన్నాడు. ముదీర్ "మంచి ఆలోచన, కోచ్ గారు కోరుతున్నారు" అన్నాడు. కోచ్ వెంటనే "నేను కోరడం కాదు, మనందరం అనుకున్నదే" అన్నాడు. ఈజిప్టు ఆయన "ముదీర్ గారికి ఇష్టమైతే నాకు అడ్డం లేదు" అన్నాడు. ముదీర్ "పెద్దాయన మనసులో ఏముందో" అన్నాడు. ఫోన్ చేశారు. మాలిక్ తమ్ముడు "మీరే నిపుణులు కదా, మీ ఇష్టం" అని పెట్టేశాడు. మళ్ళీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను టీ కప్పులు తీస్తూ నిలబడ్డాను. నా పేరు ఆ బల్ల మీద కాలే గిన్నెలా ఉంది, ఎవడూ చేత్తో పట్టుకోడు, పక్కవాడి వైపు తోస్తాడు. నేను బాగా ఆడితే నలుగురూ నేనే తెచ్చానంటారు. బాగా ఆడకపోతే ఎవడు తెచ్చాడని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడే ఇంత మంది జీతాలు తింటున్నారు.

చివరికి అందరూ అయేషా మేడమ్ వైపు చూశారు. ఆవిడది హైదరాబాదు. లీగు వాళ్ళ కంప్యూటర్లో పేర్లు ఎక్కించేది ఆవిడే. నాతో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడుతుంది, మంచి మనిషి. "ఎక్కిస్త సర్, కార్డు చూసి ఎక్కిస్త" అంది. అంతే, మీటింగ్ ఖలాస్. మా వంతు వచ్చేది వచ్చే నెల మొదట్లో.

నేను అనుకుంటే అవుతుందక్కా. మొదటిసారి అలా అనిపిస్తోంది. నువ్వేమీ చేయకు, అదే నాకు సాయం.

రాజు


ఖోర్ ఫక్కాన్
20 జూలై

రాజూ,

నన్ను క్షమించు. బాబాయ్ బండి రిపేరులో పడి నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న వచ్చింది. దానికి రెండు రోజుల ముందే నేను బాబాని అడిగేశాను.

పిల్లలు గోల పెడుతుంటే బాబా గారే నవ్వుతూ "ఏంటి శాంతీ, నీ తమ్ముడు నిజంగా ఆడతాడా?" అన్నారు. ఆడతాడు బాబా, క్లబ్బు వాళ్ళు కూడా అనుకుంటున్నారు, మీరొక్క మాట చెప్తే చాలు అన్నాను. ఆయన అక్కడికక్కడే ఫోన్ చేశారు. నవ్వుతూ మొదలెట్టి, కాసేపటికి నవ్వడం మానేశారు. ఫోన్ పెట్టేసి నాతో అన్నారు, "అది ఇరవై మూడు దాటని కుర్రాళ్ళకి ఇచ్చే చోటు శాంతీ. నీ తమ్ముడి కార్డులో ఇరవై ఏడు ఉందట. కోచ్‌కి ఇరవై ఒకటని చెప్పాడట. ఎందుకలా చెప్పాడు?"

చేతిలో పళ్ళెం ఉంది, దాన్ని అలా తుడుస్తూనే ఉన్నాను.

ఈ ఇరవై మూడు సంగతి నీకు ఎవరూ చెప్పలేదా? అంత మంది ఉన్నారన్నావు, ఒక్కరూ చెప్పలేదా?

రాజూ, బంతి వదిలెయ్. ఉన్న పని చేసుకో. ఆడకపోతే చచ్చిపోము కదా. కార్డు జోలికి పోతే ఇద్దరం రోడ్డున పడతాం. నా మాట విను.

అక్క


షార్జా
22 జూలై

శాంతిప్రియ గారికి,

తృప్తిగా ఉందా?

వద్దని రాశాను. నువ్వు చేయాల్సింది చేశావు. నీ బాబా ఫోన్ చేశాకే వాళ్ళు నా కార్డు బయటికి తీశారు. అప్పటిదాకా అది నా జేబులో ఉంది, ఎవడూ అడగలేదు. ముదీర్ అందరి ముందూ నా మొహం మీద అన్నాడు, "ముసలాడివి కుర్రాడి వేషం వేస్తావా?" అని. నిన్నటిదాకా గ్రాస్ అన్నవాళ్ళు ఇవాళ "ఏ బుడ్ఢా", అదే ముసలోడా, అంటున్నారు. మైదానంలోకి నీళ్ళ గొట్టం లాక్కెళ్తుంటే కేకలేసి నవ్వారు. నేను గొట్టం వాళ్ళ వైపు తిప్పాను. అది వేరే గొడవ. ఒక రోజు జీతం కోత.

బంతి వదిలెయ్ అని రాశావే, ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆడకపోతే చావమా? నువ్వు చావవు. తొమ్మిదేళ్ళు ఒకరి పిల్లల ముడ్లు కడిగి, తల వంచుకోవడం నీకు అలవాటైపోయింది. నన్నూ అలాగే వంచుకోమంటున్నావు. నీకు కావాల్సింది నేను సుఖంగా ఉండటం కాదు, కదలకుండా ఉండటం.

ఆరేళ్ళు ఎవరు కలిపారు నాకు? నేనడిగానా? ఏజెంటు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాను. "కుర్రాడు మరీ చిన్నోడమ్మా, ఇరవై ఒకటి దాటితే గానీ పని దొరకదు" అన్నాడు వాడు. "అయితే ఇరవై మూడు రాయండి" అన్నావు నువ్వు, కొట్లో పంచదార తూయించినట్టు. వీడు నా తమ్ముడు, ఫలానా ఏడు పుట్టాడు అని ప్రమాణం చేసి సంతకం పెట్టావు. డ్రాఫ్టు ఎవరి చేతిలో ఉందని రెండు వారాల నుంచి అందరి ముఖాలూ చూస్తున్నాను. ముదీర్ కాదు, మాలిక్ కాదు. ఆ రోజు ఆ గదిలో నువ్వే తేల్చేశావు.

విను. కోచ్ నన్ను వదల్లేదు. కోపంగానే ఉన్నాడు, కానీ నిజం చెప్పు అన్నాడు. అయేషా మేడమ్‌ని పక్కన పెట్టుకుని అంతా చెప్పాను. పదో తరగతి సర్టిఫికెట్టులో అసలు పుట్టిన తేదీ ఉంది కదా, అది తెమ్మన్నాడు. దాంతో పాటు, అప్పట్లో ప్రమాణం చేసిన మనిషి "నేను తప్పు తేదీ చెప్పాను" అని రాసివ్వాలట. ఆ రెండూ ఉంటే లీగు కమిటీ ముందు తను నిలబడతాను అన్నాడు. ఆగస్టు మూడున కమిటీ.

సర్టిఫికెట్టు నీ పెట్టెలో ఉంది. పంపు. నువ్వు పెట్టిన సంతకం నువ్వే కొట్టెయ్.

రత్నరాజు


ఖోర్ ఫక్కాన్
28 జూలై

రాజూ,

సర్టిఫికెట్టు పంపుతున్నాను. బాబాయ్‌కి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చాను, చేపల నీళ్ళు తగలకుండా. నేను రాసిన కాయితం కూడా అందులోనే ఉంది. ఇంగ్లీషులో రాయాలేమోనని పెద్దపిల్ల చేత రాయించి, కింద తెలుగులో నా మాటగా మళ్ళీ రాశాను. "నా తమ్ముడు రత్నరాజు వయసు నేను ఎక్కువ చెప్పించాను. వాడికి అప్పుడు పదిహేడే. తప్పు నాది, వాడిది కాదు." సరిపోతుందా?

నీ ఉత్తరానికి జవాబు రాయాలని చాలా అనుకున్నాను. పంచదార తూయించినట్టు అన్నావు. అలాగే అన్నానేమో. ఆ పొద్దున్నే సెలవు మీద ఊరొచ్చి, పెదనాన్న ఇంటికి నిన్ను చూడ్డానికి వచ్చాను. రొయ్యల చెరువు గట్టు మీద పడుకుని ఉన్నావు. రాత్రంతా కాపలా కాశావట. కాళ్ళకి ఒరుసుకుపోయిన పుండ్లు. ఈగలు వాల్తున్నా లేవలేదు. ఎలాగైనా నిన్ను అక్కడి నుంచి లేపాలి అనుకున్నాను. అంతకంటే ఆలోచన లేదు. ఆ వయసు నీతోనే పెరుగుతుందని, ఎప్పుడో ఎదురొస్తుందని నాకు తట్టలేదురా. తట్టినా రాయించేదాన్నేమో.

సంతకం పెట్టినదానివి, నీ వయసెంత అని నన్నూ అడుగుతారు కదా. అడిగితే చెప్తాను. ముప్పై ఒకటి. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పైకి అని చూశాను. బాగానే ఉంది వినడానికి. తరవాత పంపించేస్తే పంపించేస్తారు. తొమ్మిదేళ్ళు చేశాను, చాలు. పిల్లలు మాత్రం ఏడుస్తారు, చిన్నది నా దగ్గరే పడుకుంటుంది.

నువ్వు ఆడు. వదిలెయ్ అన్నమాట వెనక్కి తీసుకున్నాను. భయంతో రాశాను.

మూడో తారీకున తెల్ల చొక్కా వేసుకెళ్ళు. మాటకి ముందు కోపం తెచ్చుకోకు. కోచ్ గారికి నా దణ్ణాలు చెప్పు.

అక్క


షార్జా
6 ఆగస్టు

అక్కా,

కమిటీ అయిపోయింది. నన్ను తీసుకోలేదు. వయసు గురించి కాదు. అసలు వయసు మాటే రాలేదు. కోచ్ చివర్లో మనసు మార్చుకున్నాడు. నా కుడికాలు పనికిరాదట, ఈ స్థాయికి చాలదట. అబూధాబీలో పెరిగిన సూడాన్ కుర్రాడు ఒకడున్నాడు, వాణ్ణి పిలుచుకున్నారు. బాగా ఆడతాడు. నాకంటే బాగానే ఆడతాడు.

నీ కాయితం ఎవరూ విప్పలేదు. సర్టిఫికెట్టుతో పాటు బాబాయ్ చేత తిరిగి పంపుతున్నాను. జాగ్రత్తగా పెట్టెలో పెట్టు. నువ్వు ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మీ బాబా అడిగితే తమ్ముడు పొరపాటున చెప్పాడని చెప్పు.

పోయిన ఉత్తరంలో రాసినవి మర్చిపో.

ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం పని ఆపుతున్నారు. అన్నం సరిగ్గా తింటున్నాను. నువ్వూ తిను. చిన్నపాపకి జ్వరం తగ్గిందని బాబాయ్ చెప్పాడు, సంతోషం.

ఉంటాను.

రాజు


ఖోర్ ఫక్కాన్
10 ఆగస్టు

రాజూ,

బాబాయ్ సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్ళిపోలేదు. బండి దిగి, పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "నాకు నోరు ఆగదమ్మా, వాడు చెప్పొద్దన్నాడు" అన్నాడు. "అయితే చెప్పకు బాబాయ్" అన్నాను. "చెప్పకపోతే ఈ రాత్రి బండి తోలలేను" అన్నాడు. కమిటీ రోజు నీ కోసం క్లబ్బు బయట బండి ఆపుకుని ఉన్నాడట. నువ్వు వచ్చి ఎక్కి కూర్చున్నావట. వెనకాలే అయేషా మేడమ్ పరిగెత్తుకొచ్చి, "ఈయన మీకేమైతరు? జర చూస్కోండి ఈయన్ని" అని జరిగినదంతా చెప్పిందట.

లోపలికి వెళ్ళే ముందు గుమ్మం దగ్గర ఆవిడే నిన్ను ఆపిందటగా. "భాయ్, ఈ కాగితం బల్ల మీద పెడితే మీ అక్క పేరు కూడా లీగు వాళ్ళ దగ్గరికి పోతది. ఆమె కార్డు కూడా తీస్తరు. తెలుసు కదా నీకు?" అంది. నువ్వు కవరు చొక్కా లోపల పెట్టుకున్నావు.

కమిటీ పెద్ద అడిగాడు, నీ వయసెంత అని. కోచ్ నీ పక్కన నిలబడి ఉన్నాడు. ట్వంటీ సెవెన్ అన్నావు. అయేషా మేడమ్ తెలుగులో, "సోచాయించి చెప్పు భాయ్, ఇంకోసారి అడుగుతున్నరు" అంది. ఇంకోసారీ అదే అన్నావు. కోచ్ నీ వైపు తిరిగి, "అయితే నాతో అబద్ధం చెప్పావా? ఇన్నాళ్ళూ?" అన్నాడు. "యెస్ సర్" అన్నావు. ఆయన చేతిలో కాగితాలు బల్ల మీద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. నీకు చెయ్యి ఇవ్వలేదు. అదంతా ఆ మేడమే కమిటీ వాళ్ళకి అరబ్బీలోకి మార్చి చెప్పాలి కదా, "నా నోటితో నేనే అబద్ధం చెప్పిన అంకుల్" అని బాబాయ్ దగ్గర ఏడ్చిందట.

ఎవరు నిర్ణయిస్తారో, ఎవరు నిర్ణయిస్తారో అని నెలంతా బుర్ర బద్దలు కొట్టుకున్నావు. ఆ గదిలో నోరు తెరిచి తేల్చి చెప్పినవాడివి నువ్వొక్కడివే.

నీ కుడికాలు బాగాలేదని నాకు రాస్తావా? పి.టి. మాస్టారు చెప్పలేదనుకున్నావా, నీ రెండో కాలు కూడా మంచిదేనని?

పొద్దున్న పిల్లలు అడిగారు, శాంతీ నీ తమ్ముణ్ణి తీసుకున్నారా అని. లేదన్నాను. ఎందుకు అన్నారు. వాడు ముసలాడు అన్నాను. నా నోటితో నేనే అన్నాను రాజూ. వాళ్ళు నవ్వారు. బాబా నవ్వలేదు, నన్ను కాసేపు చూసి పేపరు తీసుకున్నారు.

నేను కోచ్ గారి దగ్గరికి వస్తాను, అంతా చెప్తాను అని బాబాయ్‌తో అన్నాను. వంతు అయిపోయిందమ్మా, ఇంక ఏడాది దాకా లేదు అన్నాడు. అప్పటికి నీకు ఇరవై రెండు. వాళ్ళకి ఇరవై ఎనిమిది. కమిటీ కాయితాల్లో నువ్వు ఒప్పుకున్న మాట ఉంది, ఇంక నేను ఎంత మొత్తుకున్నా నిన్ను కాపాడటానికి వచ్చిన అబద్ధాలకోరు అక్కనే అవుతాను.

నీ ఆఖరి ఉత్తరం పదిసార్లు చదివాను. అందులో ఒక్క తిట్టు లేదు. ముదీర్‌ని తిట్టలేదు, కమిటీని తిట్టలేదు, నన్ను తిట్టలేదు. ఎండ గురించి రాశావు. పాప జ్వరం గురించి రాశావు. "సంతోషం" అని రాశావు. పుట్టిన దగ్గర్నుంచీ నిన్ను ఎరుగుదును, నువ్వు ఆ మాట ఎప్పుడూ వాడలేదు. మిగతాదంతా ఓర్చుకున్నాను గానీ ఆ ఒక్క మాట ఓర్చుకోలేకపోయాను.

వచ్చే శుక్రవారం ఒక పూట సెలవు కావాలని మామాని అడిగాను, ఇచ్చింది. బాబాయ్ బండిలో వస్తున్నాను. వంట చేయకు. జవాబు రాయకు. నీ దగ్గర కూర్చుంటాను, నన్ను ఎన్ని అనాలో అన్నీ అను, వాళ్ళందర్నీ అను.

నేను వచ్చేసరికి కోపంగా ఉండు రాజూ.

అక్క